ఆగిన చోటు వేరు, తప్పున్న చోటు వేరు



ముప్పై నాలుగేళ్ళు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. తప్పు పట్టడం నా వృత్తి. పద్యంలో యతి తప్పితే చెవికి వెంటనే తెలుస్తుంది. గణం తప్పితే వేళ్ళు మడవకుండానే పట్టుకోగలను. అటువంటి నాకు ఈ అరవై ఏడేళ్ళ వయసులో ఒక కంప్యూటరు, దానికంటె ముఖ్యంగా నా పూర్వ విద్యార్థిని ఒకామె, తప్పు పట్టే విద్యలో మళ్ళీ ఓనమాలు దిద్దించారు. ఆ ముచ్చట చెప్పుకుందామని కూర్చున్నాను.

మాది జగ్గయ్యపేట. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడిన నాటినుంచి మేము కాగితం మీద కృష్ణా జిల్లా వాళ్ళం కాము. మాటలో మాత్రం ఇప్పటికీ పడమటి కృష్ణా వాళ్ళమే. డెల్టా వాళ్ళకు కాలువ నీరు, మాకు మెరక చేలు. పత్తి, మిరప, కంది. అందువల్ల మా మాటలూ కొంత వేరు. బెట్ట, పదును, గొర్రు, గుంటక, జడ్డిగం, మునుము వంటి మాటలు మా అమ్మగారి నోట నిత్యం వినబడేవి. ట్రాక్టరు వచ్చాక జడ్డిగం అటక ఎక్కింది. వస్తువు అటక ఎక్కితే మాట కూడా వెంట ఎక్కుతుంది. అమ్మ పోయాక, ఆమె పలికిన మాటలూ, ఆమె ఈడువాళ్ళు పలికే మాటలూ ఒకచోట చేర్చాలని సంకల్పించాను. ముందు నోటుపుస్తకాలలో వ్రాశాను. పిదప వాటిని కంప్యూటరులో ఎక్కించాను. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన పెద్ద వానలకు మా ఇంటి మేడమీది గది కారి, నోటుపుస్తకాలలో మూడు తడిసి సిరా అలుక్కుపోయింది. ఆనాటినుంచి కంప్యూటరులోని ఫైలొక్కటే ఆధారం. సుమారు నాలుగు వేల ఆరోపాలు. మూడేళ్ళ శ్రమ.

ఆ ఫైలు ఒకనాటి ఉదయం బిగుసుకుపోయింది.

ముందునాడు దగ్గరి పల్లెలో ఒక ముసలమ్మగారిని కలిసి ఒక పూటంతా మాట్లాడి వచ్చాను. ఆమె చెప్పిన ముప్పై మాటలను ఉదయం నాలుగు గంటలకు లేచి టైపు చేస్తూ కూర్చున్నాను. ‘గ్యాపకం’ అనే మాట దగ్గరికి వచ్చాను. మా పల్లెల్లో ‘జ్ఞాపకం’ అనడానికి అదే వాడుక. మూలరూపం చూపుదామని ‘జ్ఞా’ కొట్టాను. అంతే. తెర మీద గీత మిణుకుమనడం మానేసింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. కిటికీ పైభాగాన ‘స్పందించడం లేదు’ అన్న అర్థం వచ్చే మాట కనబడింది. తెర పాలిపోయినట్లు తెల్లబడింది. పిల్లల భాషలో చెప్పాలంటే హ్యాంగయింది. రెండు నిమిషాలు చూశాను. ఓపిక నశించి బలవంతంగా మూసివేశాను. తిరిగి తెరిచేసరికి ఆ ఉదయపు పని ఏదీ అందులో లేదు. నేను భద్రపరచలేదు.

మరునాడు ముసలమ్మగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఆమె నవ్వి, “నిన్నేం జెప్పానో నాకేం గ్యాపకం నాయనా!” అంది. ముప్పై మాటల్లో ఇరవై ఎనిమిదింటిని ఇద్దరం కలిసి ఎలాగో పోగుచేశాము. రెండు మాత్రం రాలేదు. అవి ఏవో నాకు నేటికీ తెలియవు. ఒకవేళ ఎక్కడైనా మళ్ళీ వినబడినా ఇవే అవి అని గుర్తుపట్టలేను.

ఆ సాయంత్రం మళ్ళీ ‘జ్ఞా’ దగ్గరికి వచ్చాను. మళ్ళీ బిగుసుకుంది. ఇక నాకు సందేహం లేకపోయింది. దోషి ‘జ్ఞా’యే! ఈ తీర్పుకు నా దగ్గర పూర్వనిదర్శనం కూడా ఉంది. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ప్రపంచ వార్తలకెక్కిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆపిల్ వారి ఐఫోనులో ఆ అక్షరం ఉన్న సందేశం వస్తే చాలు, దానిని చూపబోయిన ప్రోగ్రాము కుప్పకూలేది. ‘తెలుగు అక్షరం ఫోనులను పడగొడుతోంది’ అని ప్రపంచమంతా చెప్పుకున్నారు. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రాన్ని మూర్ఛపోయేలా చేసిందని మా ఉపాధ్యాయ మిత్రులం నవ్వుకున్నాము కూడా.

ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకొని నందిగామ బస్సెక్కాను. అక్కడ బస్టాండుకు చేరువలో నా పూర్వ విద్యార్థిని డి.టి.పి. దుకాణం నడుపుతున్నది. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, ప్రాజెక్టు రిపోర్టులు, అన్నీ అక్కడే. తెలుగు ఫాంట్ల తగవులు తీర్చడంలో ఆమెది పెద్ద చేయి.

“ఏమమ్మా, ‘జ్ఞా’ కొడితే ఆగిపోతున్నది. ఈ ఎడిటరుకు ఆ అక్షరం పడదు” అన్నాను, నిదానం పూర్తిచేసి వచ్చిన వైద్యుడిలా.

“చూద్దాం మాస్టారూ” అని, ముందు ఒక పెన్‌డ్రైవులోకి ఫైలు నకలు తీసింది. “అసలు మీద ప్రయోగాలొద్దండీ. నకలు మీదే చేద్దాం.” తాళపత్రాన్ని సవరించేటప్పుడు మూలపత్రం మీద గంటం పెట్టరాదని మా గురువుగారు చెప్పిన మాట జ్ఞాపకం వచ్చింది.

పిమ్మట ఒక కొత్త ఖాళీ ఫైలు తెరిచి ‘జ్ఞా’ కొట్టింది. హాయిగా వచ్చింది. ‘జ్ఞానము’, ‘విజ్ఞానము’, ‘ఆజ్ఞాపన’, అన్నీ వచ్చాయి. “అక్షరం మంచిదే మాస్టారూ” అంది.

“మరి 2018లో...?” అన్నాను.

ఆమె చెప్పినది విని నాకు సిగ్గువేసింది. ఆనాడు కూడా మామూలు ‘జ్ఞా’ వల్ల ఏ ఫోనూ పడిపోలేదట. జ, పొల్లు, ఞ, వీటి తరువాత దీర్ఘానికి ముందు కంటికి కనబడని ఒక సంకేతం చొరబడితేనే ఆ ప్రమాదం. దానిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది మనకు శత్రువు కాదు. ‘హైదరాబాద్‌లో’ అని వ్రాసేటప్పుడు దకారం కింద లకారం వత్తుగా పడకుండా నిలిపేది అదే. అయితే రావలసిన చోట కాక ఞకారానికీ దీర్ఘానికీ నడుమ వచ్చినప్పుడు, అక్షరాలను కూర్చే ఆపిల్ వారి భాగం తికమకపడేది. మనీష్ గొరేగావ్‌కర్ అనే ప్రోగ్రామరు ఆ రోజుల్లోనే పరీక్షించి, ఇది ‘జ్ఞా’కే పరిమితం కాదనీ, తెలుగులో ఇంకా అనేక సంయుక్తాక్షరాలకూ, బెంగాలీ, దేవనాగరి లిపులలో కొన్నింటికీ ఇదే జరుగుతుందనీ నిరూపించారు. 2018 ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆ లోపాన్ని సరిదిద్దింది. తప్పు కూర్చేవాడిది, అపనింద అక్షరానిది. ఇంత కథ తెలుగు పండితుడినైన నాకు తెలియకపోగా, ఆ అపనిందను నేనే మరొకసారి మోపాను.

ఇక అసలు పరీక్ష మొదలుపెట్టింది. నా ఫైలు నకలు తెరిచి ఒక అక్షరం కొట్టింది. ఈసారి ‘జ్ఞా’ కాదు, ఉత్త ‘అ’. బిగుసుకుంది! నా వాదం అక్కడే కూలింది. నేను కంగారుగా మూసివేయబోతే చేయి అడ్డుపెట్టింది.

“ఆగండి మాస్టారూ. ముందది చచ్చిందా, పనిచేస్తోందా చూద్దాం.”

టాస్క్ మేనేజర్ తెరిచి చూపింది. ప్రోగ్రాము ప్రాసెసరులో 25 శాతం వాడుకుంటున్నది. నాలుగు కోర్ల యంత్రం కనుక, 25 శాతమంటే ఒక కోరును పూర్తిగా పీల్చుకుంటున్నదని అర్థమట. “ఇక్కడ సున్నా ఉంటే, అది దేనికోసమో ఎదురుచూస్తోందనుకోవాలి, డిస్కు కోసమో, నెట్టు కోసమో. ఇంత తింటోందంటే లోపల గొడ్డుచాకిరీ చేస్తోంది. కిటికీ ఐదు సెకన్లు పలకకపోతే విండోస్ ‘స్పందించడం లేదు’ అని రాసేస్తుంది. పలకలేదనే దానికి తెలుసు గాని, ఎందుకు పలకలేదో దానికీ తెలియదు.”

కాఫీ తెప్పించింది. నాలుగు నిమిషాలకు తెర మళ్ళీ రంగెక్కింది. ఆమె కొట్టిన ‘అ’ నింపాదిగా వచ్చి కూర్చుంది. నేను ఆనాటి ఉదయం ఇంకో రెండు నిమిషాలు ఓపిక పట్టి ఉంటే ముప్పై మాటలూ దక్కేవి.

పిదప ఫైలును సరిగా సగానికి చీల్చి రెండు ఫైళ్ళు చేసింది. ఎందుకని అడిగాను. “ఎక్కడో ఒక పాడు అక్షరం ఉంటే, రెండు సగాల్లో ఒక్కటే బిగుసుకోవాలి. బిగుసుకున్న సగాన్ని మళ్ళీ సగం చేస్తాం. నాలుగు వేల మాటలైనా పన్నెండుసార్లు చీలిస్తే ఒక్క మాట దగ్గరికి వచ్చేస్తాం.” లెక్కవేసి చూశాను. రెండును పన్నెండుసార్లు గుణిస్తే 4,096. నిజమే! గణభంగమైన పద్యపాదాన్ని మేమూ విడగొట్టే చూస్తాము. కాని మొదటి గణంనుంచి వరుసగా వెళతాము, సగానికి నరకము. పాదంలో గణాలు కొద్దిగానే ఉంటాయి కనుక మాకు ఆ అవసరం రాలేదు.

అయితే ఫలితం వింతగా వచ్చింది. రెండు సగాలూ బిగుసుకున్నాయి. ఒక్కొక్కటి సుమారు ఒక నిమిషం. దానిలో సగం చేస్తే పదిహేను సెకన్లు. మరల సగం చేస్తే నాలుగు సెకన్లు. ఏ ముక్క తీసుకున్నా అంతే.

“అయితే పాడు అక్షరమే లేదు మాస్టారూ. ఉంటే ఒక ముక్కలోనే ఉండాలిగా! ఇది పరిమాణం జబ్బు. చూశారా, సగం చేస్తే జాప్యం సగం కావడంలేదు, నాలుగో వంతవుతోంది.” అంటూ తెర అడుగున ఉన్న పట్టీ చూసి, ఒక్కసారి ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. “మాస్టారూ... మీరు ఎప్పుడూ ఎంటర్ కొట్టలేదా?”

పట్టీలో పంక్తి సంఖ్య 1 అని ఉన్నది. వరుసలో అక్షరస్థానం నాలుగు లక్షల పైచిలుకు. మూడేళ్ళ నా పదకోశమంతా ఒకే ఒక్క పంక్తి!

నేను కొట్టలేదు. తెర అంచుకు వచ్చేసరికి వాక్యం తానే కిందికి దిగుతున్నది గదా, ఇంకా ఎంటర్ ఎందుకు? ఒక ఆరోపానికీ ఇంకొకదానికీ నడుమ రెండు నిలువు గీతలు పెట్టుకుంటూ పోయాను. తాళపత్ర గ్రంథాలలో పద్యానికి పద్యానికి కొత్త పంక్తి ఉండదు. ఆకు నిండేదాకా వ్రాసుకుంటూ పోవడమే, మధ్య ఒక గీత. అది నాకు అలవాటైన సంప్రదాయం. ఆకుకు అంచు ఉంటుంది, ఫైలుకు ఉండదు అన్న చిన్న సంగతి నాకు తట్టలేదు.

దాని వెనుక మర్మం ఆమె చెప్పగా నాకు అర్థమైనంతవరకు ఇది. ఎడిటరుకు పంక్తే కొలమానం. ఒక పంక్తిలో ఒక్క అక్షరం మారినా ఆ పంక్తినంతటినీ మళ్ళీ కొలిచి, తెర వెడల్పుకు ఎక్కడెక్కడ విరగాలో తేల్చుకుంటుంది. మన లిపికి ఆ కొలత తేలిక కాదు. కంటికి ఒక్కటిగా కనబడే ‘జ్ఞా’ లోపల నాలుగు సంకేతాలు, ‘స్త్రీ’ ఆరు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు కనుక, ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం 18 బైట్లు. వాటిని వత్తులుగా గుణింతాలుగా కూర్చితేగాని వెడల్పెంతో తెలియదు. పైగా నేను వాడే ఎడిటరు, తెరమీది ప్రతి వరుసకూ పంక్తి మొదటినుంచీ కొలుస్తూ వస్తున్నదని ఆమె ఊహ.

ఇది నాకు చప్పున అందింది. తరగతిలో కొందరు పిల్లలుంటారు. పదో పద్యం అప్పజెప్పమంటే మొదటి పద్యంనుంచి అందుకుంటేగాని చెప్పలేరు. పదకొండోది అడిగితే మళ్ళీ మొదటినుంచి. అలా పది పద్యాలూ ఒక్కొక్కటిగా అడిగితే మొత్తం 55 పద్యాలు చదవాలి. ఇరవై అడిగితే 210. పద్యాలు రెట్టింపైతే శ్రమ దాదాపు నాలుగింతలు. సగం చేస్తే నాలుగో వంతు. సరిగ్గా మేము చూసినదే!

ఇది నా ఒక్కడి ఎడిటరుకున్న జబ్బు కాదనీ చెప్పింది. ప్రోగ్రామర్లు దశాబ్దాలుగా వాడే ఈమాక్స్ కూడా మహా దీర్ఘ పంక్తుల దగ్గర కుంటుతూ వచ్చి, 2023లో వచ్చిన 29వ సంచికలోగాని గట్టి మెరుగుదల పొందలేదట.

చికిత్సకు అర నిమిషం పట్టింది. రెండు నిలువు గీతలున్న ప్రతిచోటా వాటి తరువాత ఒక కొత్త పంక్తి చేర్చమని ఆజ్ఞాపించింది. ఒక పంక్తి నాలుగు వేల పంక్తులయింది. ‘జ్ఞా’ కొట్టాను. రెప్పపాటులో వచ్చింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. “రోజూ ఒక నకలు వేరేచోట దాచుకోండి మాస్టారూ, అదే నా ఫీజు” అంది.

ఇంతటితో ముగిస్తే ఇది ఒక సాంకేతిక వినోదం. కాని తిరుగు బస్సులో, చిల్లకల్లు దాటి పేట దారి పట్టాక, మనసు ఇంకొక చోటికి పోయింది.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఏడవ తరగతిలో నాకొక పిల్లవాడు ఉండేవాడు. పద్యం చెప్పి, తిరిగి చెప్పమంటే చక్కగా రాగయుక్తంగా చెప్పేవాడు. పుస్తకం చేతికిచ్చి చదవమంటే మాత్రం ఆగిపోయేవాడు. ఎక్కడ ఆగుతున్నాడో గమనించాను. సంయుక్తాక్షరాల దగ్గర. ‘అన్న’ దగ్గర ఒక క్షణం, ‘స్త్రీ’ దగ్గర పూర్తిగా. నిదానం నాకు తేటతెల్లంగా కనబడింది: వీడికి వత్తులు రావు. రోజుకు వందసార్లు ‘స్త్రీ’, వందసార్లు ‘జ్ఞా’ వ్రాయించాను. ఫలితం లేదు. నిలబెట్టాను. తరగతి నవ్వింది, నేను వారించలేదు. పదవ తరగతికి రాకుండానే వాడు బడి మానేశాడు.

చాలా ఏళ్ళకు నందిగామలో ఒక పెళ్ళిలో అతడే వచ్చి పలకరించాడు. ముఖాన దళసరి కళ్ళద్దాలు. “అప్పట్లో నాకు చూపు ఆనేది కాదు మాస్టారూ. పెద్దక్షరం కనపడేది, కిందుండే వత్తు మసకగా నల్లచుక్కలా ఉండేది. అందరికీ అంతే కాబోలనుకున్నా” అన్నాడు, ఏ నిష్ఠూరమూ లేకుండా. ఆనాడు నేను “అయ్యో” అని ఊరుకున్నాను. విందుకు పిలుపు వచ్చింది, లేచాము.

ఆ మాట బస్సులో నాకు సరిగా వినబడింది. వాడు ఆగిన చోటు వత్తు. తప్పున్న చోటు కన్ను. నేను ఒక్కనాడైనా కొత్త ఫైలు తెరిచి చూడలేదు; అనగా అదే ‘స్త్రీ’ని నల్లబల్ల మీద జానెడు పొడవున వ్రాసి, దగ్గరికి పిలిచి, చదవమనలేదు. చదివి ఉండేవాడు. రెండు నిమిషాల పరీక్ష. వాడు పలకలేదనే నాకు తెలుసు. ఎందుకు పలకలేదో లోపలికి తొంగిచూడలేదు. ఆ పిల్లవాడు ఆ నిశ్శబ్దంలో ఎంత చాకిరీ చేస్తున్నాడో, ఒక్కొక్క నల్లచుక్కనూ ఊహించుకుంటూ వాక్యం మొదటినుంచి ఎన్నిసార్లు వెనక్కి వస్తున్నాడో, నాకు కనబడలేదు.

ఇంటికి రాగానే అతని నంబరు వెతికి ఫోను చేశాను. చెప్పవలసినది చెప్పాను. అవతల కొంతసేపు మౌనం. ఈసారి నేను ఆగాను.

“పోనీండి మాస్టారూ. వందలసార్లు రాయించారు గదా, చేతిరాత మాత్రం గుండ్రంగా కుదిరింది. మా కొట్లో పద్దు పుస్తకం చూసినవాళ్ళంతా మెచ్చుకుంటారు” అన్నాడు.

అది మన్నింపో, మందలింపో నాకు తెలియలేదు. అడగలేదు కూడా. పదకోశం పని సాగుతున్నది. ఇప్పుడు ప్రతి మాట తరువాతా ఎంటర్ నొక్కుతున్నాను. పది మాటలకొకసారి భద్రపరుస్తున్నాను. తెర బిగుసుకుంటే, చేయి వెనక్కి తీసుకొని, లోపల పని జరుగుతున్నదేమో ముందు చూస్తున్నాను.

ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న చిన్నవారెవరైనా ఇది చదివితే ఒక్క మనవి. పిల్లవాడు ఎక్కడ ఆగాడో అక్కడే తప్పుందని తీర్మానించకండి. నకలు మీద ప్రయోగించండి, సగం చేసి చూడండి, అక్షరాన్ని పెద్దది చేసి చూడండి. అక్షరం నిర్దోషి కావచ్చు. పిల్లవాడు అంతకంటె నిర్దోషి కావచ్చు.

స్వస్తి.